గిర్నికి మన వడ్లు పోవాలె

కోతల కాలంల మాడుగులపల్లి రోడ్డు మీద నిలబడితే వడ్ల ట్రాక్టర్లు మిర్యాలగూడ దిక్కు పోతనే ఉంటయి. ఆడ గిర్నీలు రాత్రీ పగలు నడుస్తయి. గిర్నికి ఒక గుణమున్నది. ఎవలి వడ్లని అడగది. పోసిందే పడతది. దొడ్డు వడ్లు పోసి సన్న బియ్యం రమ్మంటే రావు. అసలు పొయ్యనే పొయ్యకుంటే ఊక సుత రాదు.

మాటలు పట్టే గిర్ని సుత ఒకటున్నది. దాని పేరు ‘గ్రైండ్’. పేరుకు అర్థమే పిండి పట్టుడు. అమెరికాల ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంల జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1985ల ‘వర్డ్‌నెట్’ అనే ఇంగ్లిష్ పదకోశం మొదలుపెట్టిండు. మనుషులు రాసిన ఫైళ్లను కంప్యూటర్ వెతుక్కునే తీరుగ మార్చేది ఈ గ్రైండే. దీనికి బొమ్మలుండయి, బటన్లుండయి. నల్ల తెర మీద దాని పేరు కొట్టి, పక్కన ఫైళ్ల పేర్లు రాసి ఎంటర్ నొక్కాలె. గంతే.

గీ ముచ్చట మనకెందుకు అంటరా? ఫోన్ల ‘దూప’ అని కొట్టి చూడున్రి. నా ఫోన్ల అయితే కింద ఎర్రగీత పడ్డది. ‘దాహం’ అంటే పడలే. దూపయినప్పుడు మా ఊర్ల ఎవలూ దాహం అనరు. మరి తప్పు మాటది కాదు, ఫోన్‌ది సుత కాదు. దాని వెనకాల ఉన్న నిఘంటువుల ఎవలో దాహం పోసిన్రు, దూప పొయ్యలే.

గ్రైండ్ ఎట్ల పనిచేస్తదో చెప్త. మనం మామూలు ఫైల్ల ఒక్కొక్క అర్థానికి ఒక బ్రాకెట్ పెట్టి రాయాలె. అండ్ల ఆ అర్థమున్న మాటలన్నీ వరుసగ రాయాలె: దూప, దప్పిక, దాహం. ఆ తర్వాత గది ఏ రకందో గుర్తు పెట్టాలె. చివరికి అర్థం ఒక వాక్యంల చెప్పాలె. ఇంగ్లిష్‌కు గిసొంటి ఫైళ్లు 45 ఉన్నయి. చెట్లకొకటి, జంతువులకొకటి, తిండికొకటి, నడక కదలికలకొకటి. వాటిని గ్రైండ్‌ల పోస్తే రెండు తీర్ల ఫైళ్లు బయటికొస్తయి. ఒకటి మాటల పట్టీ. అక్షరాల వరుసల ఉంటది కాబట్టి దబ్బున దొరుకుతది. రెండోది అర్థాల గోదాం. పట్టీల మాట పక్కన గోదాంల అది ఎన్నో బైటు కాడ ఉన్నదో అంకె ఉంటది. కంప్యూటర్ గా అంకె పట్టుకొని సీదా ఆడికే పోతది. వర్డ్‌నెట్ 3.0ల గిసొంటి అర్థాలు 1,17,659 ఉన్నయి.

నాకు దీంట్ల నచ్చింది ఏందంటే, ఒక బ్రాకెట్ల ఉన్న మాటలన్నీ ఒక్క సాప మీద కూసుంటయి. దాహం అసలు మాట, దూప దాని కింద మాండలికం అనేది ఉండదు. ఏ ప్రాంతపు మాటనో చెప్పాలంటే దానికి వేరే గుర్తున్నది. అది చిరునామానే గని తక్కువతనం కాదు. యాది, గుర్తు, జ్ఞాపకం ఒక్క కాడ. పైలం, జాగ్రత్త ఒక్క కాడ. మన భాషను సినిమాలల్ల నవ్వులాటకు వాడుకున్న కాలం చూసినోళ్లకు గీ సాప విలువ తెలుస్తది.

అయితే అన్నిట్నీ ఒక్క సాప మీద కూసోబెట్టుడు సుత తప్పే. గది నాకు ఒక ముసలమ్మ నేర్పింది. మాటలు రాసుకుందామని ఆమె కాడ కూసున్న. “చెలక అంటే పొలమే గదా అమ్మమ్మా?” అన్న. “ఏంది బిడ్డా గట్లంటవు! పొలం పొలమే, చెలక చెలకనే. పొలంల నీళ్లు నిలుస్తయి. చెలక మొగులు దిక్కు చూస్తది” అన్నది.

నేను రెంటినీ ఒక్క బ్రాకెట్ల రాసుకున్న. కొట్టేసి విడదీసిన. సాగర్ ఎడమ కాల్వ రాకముందు మా దిక్కు చెలకలే ఎక్కువ. కాల్వ నీళ్లొచ్చినంక మస్తు చెలకలు పొలాలైనయి. గా రెండు మాటలను కలిపేస్తే గీ కథంత పోతది. మన దేశంల ఐఐటీ బొంబాయి నడిపిన ఇండోవర్డ్‌నెట్‌ల తెలుగు సుత ఉన్నది. అది చాలామట్టుకు హిందీ అర్థాల వరుస పట్టుకొని కట్టింది. భాషలను కలపనీకి అది మంచి ఉపాయమే. కానీ హిందీల ‘ఖేత్’ అనే ఒక్క మాట ముందల పెట్టుకొని తెలుగు అడిగితే పొలం అని రాసి ముందుకు పోతరు. చెలక అడిగినోడు ఉండడు. గందుకే మన మాటల నుంచి మొదలుపెట్టినోళ్లు సుత ఉండాలె.

నేను గ్రైండ్‌ను ఒకసారి నడిపి చూసిన. అది ఇంగ్లిష్ కోసం కట్టిన గిర్ని కాబట్టి మన మాటలనే ఇంగ్లిష్ అక్షరాలల్ల రాసి పోసిన. మొదటిసారి పట్టలే. ఒక కాడ బ్రాకెట్ మూయలే. ఇంకో కాడ చెలక అనేది ‘సాగుభూమి’ల ఒక రకం అని రాసిన గని, సాగుభూమికి బ్రాకెట్టే పెట్టలే. లేని ఇంటికి తొవ్వ చూపెట్టినట్టయింది. గ్రైండ్ తప్పు చూపిచ్చి ఆగిపోయింది. తప్పు దిద్దేదాక డేటాబేస్ కట్టది. ‘పొద్దు’ కాడ సుత తిప్పలైంది. పొద్దంటే సూర్యుడు, పొద్దంటే సమయం. రెండు అర్థాలకు రెండు బ్రాకెట్లు పెట్టి, మాట పక్కన అంకె వేస్తెనే అది వేరు చేస్తది. ఒక్క మేలు మాత్రం చేస్తది. చెలక సాగుభూమిల రకం అని మనం ఒక దిక్కు రాస్తే, సాగుభూమి కింద చెలక ఉన్నదని రెండో దిక్కు అదే రాసుకుంటది.

అంటే మర చూసేది బ్రాకెట్లు, గుర్తులు, తొవ్వలు మాత్రమే. అర్థం తప్పు రాస్తే దానికి తెల్వది. చెలకను పొలంల కలిపితే నోరు మూసుకొని పట్టేస్తది. గా తప్పు పట్టింది ముసలమ్మ, మర కాదు.

వడ్లు మనకు కొత్తగ పండియ్యాల్సిన పని లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి ఊర్లల్ల తిరిగిచ్చి వ్యవసాయ పదాలతోని మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962ల తెచ్చిండు. మన జిల్లాల పుట్టిన రవ్వా శ్రీహరి ‘నల్లగొండ జిల్లా ప్రజల భాష’ రాసిండు. నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశం చేసిండు. కానీ పుస్తకంల ఉన్న మాట గిర్నికి పోదు. మనిషి కూసోని ఒక్కొక్క మాటకు బ్రాకెట్ కట్టాలె.

గా పని మీరు సుత చేయొచ్చు. కంప్యూటర్ రాకున్నా ఫరక్ లేదు, నోట్‌బుక్ చాలు. ఒక్కో మాటకు నాలుగు ముచ్చట్లు రాయున్రి: అర్థం ఒక వాక్యంల, అదే అర్థమున్న వేరే మాటలు, అది దేంట్ల రకం, ఏ ఊర్ల ఎవలంటరు. మొదలు ఇంట్ల ఉన్న పెద్దోళ్ల కాడ కూసోన్రి. గిర్ని ఎన్నడైనా నడుస్తది. చెలకకు, పొలానికి తేడా చెప్పే మనుషులు ఎన్నడూ ఉండరు.