రక్తపుపోటు – చూపు నడచు దారి

ఎడమ ప్రక్కనుండి వచ్చిన బండి కనబడక, తన ఎడమ కన్ను పోయినదని భయపడువా రుందురు. వైద్యుడు పరీక్షించినచో రెండు కన్నులును బాగుగనే యుండవచ్చును. లోపమున్నది తల వెనుక భాగమున, మెదడులో. ఇందుకు రక్తపుపోటు కారణమగుట అరుదు కాదు.

చూపు నడచు దారి కంటిలోని నేత్రపటలము వద్ద మొదలగును. ఒక్కొక్క కంటినుండి సుమారు 10 లక్షల సన్నని తంతువులు దృష్టినాడిగా మెదడు అడుగునకు చేరును. అచ్చట ముక్కువైపు సగమునుండి వచ్చిన తంతువులు అవతలి ప్రక్కకు దాటిపోవును, కణతవైపువి దాటవు. కుడి కన్ను చూచినదంతయు ఎడమ మెదడునకు చేరునని పలువురు తలచుట సరికాదు. కుడి మెదడునకు చేరునది రెండు కన్నులును చూచిన దృశ్యములో ఎడమ సగము. అటుపిమ్మట థాలమస్ వద్ద ఒక మజిలీ. అక్కడనుండి మెదడు వెనుక కొసకు పయనము.

పోటు ఏండ్ల తరబడి 140/90కి మించియున్నచో ధమనుల గోడలు దళసరియై లోపలి త్రోవ ఇరుకగును. నాళము మూసికొనిపోవచ్చును, చిట్లవచ్చును. మెదడు వెనుక భాగమును పోషించు ధమని ఒకవైపు మూసికొన్నచో, రెండు కన్నులలోను ఎదుటివైపు సగము చీకటియగును. నట్టనడిమి చూపునకు వేరొక ధమని శాఖ కూడ రక్తమందించుట కలదు. అట్టివారు పత్రిక చదువగలరు. కాని ద్వారబంధమునకు భుజము కొట్టుకొందురు! నొప్పి యుండదు గనుక కండ్లజోడు మార్చుకొన చూతురు. ఒక్కొక్క కన్ను మూసి చూచుకొన్నచో సంగతి బయటపడును: ఏ కంటితో చూచినను ఒకే ప్రక్క కనబడకున్నచో దోషము కంటిది కాదు. ఇది హఠాత్తుగా వచ్చినచో, గంటలు గడువకుండ ఆసుపత్రి చేరవలెను.

వేరొక విధమైన ఆపద పోటు ఒక్కసారిగా పెరిగినప్పుడు కలుగును. కాలువలో నీరు పెరిగినప్పుడు లస్కరు తూము తలుపు దించునట్లు, మెదడులోని ధమనులు ముడుచుకొని ప్రవాహమును అదుపులో నుంచును. హద్దు మీరినచో ఆ పట్టు సడలి, రక్తములోని ద్రవము చుట్టునున్న కణజాలములోనికి ఊరి వాపు కలుగును. వెనుక భాగపు ధమనులకు ఈ పనిలో తోడ్పడు నాడులు తక్కువ. అందుచే వాపు తరచుగా అచ్చటనే కనబడును, చూపు మసకబారును, పూర్తిగ పోవుటయు కలదు. గర్భిణులకు గుర్రపువాతమున చూపు పోవుటకు ఇది ముఖ్యకారణము. 1996లో అమెరికా వైద్యులు ఇట్టి రోగులను స్కానింగు చిత్రములతో పరిశీలించి వర్ణించిరి. సకాలమున చికిత్స జరిగినచో చాలమందికి కొన్ని దినములలోనో వారములలోనో చూపు తిరిగివచ్చును.

అయితే పోటును అమాంతముగ దించుటయు క్షేమము కాదు. చిరకాలము హెచ్చు పోటునకు అలవాటుపడిన ధమనులు, ఇతరులకు సరిపోవు పోటువద్దనే మెదడునకు చాలినంత రక్తము నందింపలేవు. అందుచే వైద్యులు మందును కొలతగా, గంటగంటకు చూచుచు ఇత్తురు.