దగ్గరైతే సంధి తప్పదు

వాల్వు రేడియో మీట తిప్పగానే పలికేది కాదు. లోపలి గాజు గొట్టాలు ఎర్రబారేదాకా ఇంటిల్లిపాదీ కాచుకుని కూర్చోవలసిందే. 1960, 70 దశకాల్లో ట్రాన్సిస్టర్లు వచ్చి ఆ గొట్టాలను అటకెక్కించాయి. అయినా పాటల పిచ్చి గలవారు వాటిని వదలలేదు. స్లొవేకియా, రష్యా, చైనాలలో వాల్వులు నేటికీ తయారవుతున్నాయి. వాటితో ఇంట్లోనే యాంప్లిఫయరు కట్టుకునేవారున్నారు. అలాంటివారు చేసుకునే ఒక చిన్న బోర్డును గురించే ఈ ముచ్చట. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఓముల గొడవ ఎందుకంటారా? ఇందులోనూ వ్యాకరణం ఉన్నది.

వాల్వులో కాగిన కేథోడు నుంచి ఎలక్ట్రానులు ప్లేటు వైపు పరుగెడతాయి. మధ్యనున్న గ్రిడ్డు వాటిని అదుపు చేస్తుంది. గ్రిడ్డు మీది చిన్న కదలిక ప్లేటు దగ్గర పెద్దది కావాలంటే, ప్లేటుకు కరెంటు వచ్చే దారిలో ఒక అడ్డం ఉండాలి. పాత పద్ధతిలో ఆ అడ్డం రెసిస్టరు. 6ఎస్ఎన్7 అనే వాల్వు శక్తి 20 రెట్లు; 22 వేల ఓముల రెసిస్టరు పెడితే 15 రెట్ల దగ్గర ఆగిపోతుంది. పోనీ లక్ష ఓములు పెడదామా? అందులో 9 మిల్లీఆంపియర్లు పారితే 900 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి!

ఈ చిక్కు తీర్చేదే కరెంటు సోర్సు. తన మీది వోల్టేజి ఎంత ఊగినా అది ఇచ్చేది 9 మిల్లీఆంపియర్లే. ధరలు ఎటు పోయినా నెలకింతే అని గీత గీసిన ఇల్లాలి లాగ. వాల్వుకది కొండంత రెసిస్టరులా కనిపిస్తుంది, 20 రెట్లూ దాదాపు దక్కుతాయి. ఖర్చు మాత్రం ఏ 150 వోల్టులతోనో సరి. డీఎన్2540 వంటి మాస్‌ఫెట్లు రెండు, ఒకదాని నెత్తిన ఒకటి అమర్చితే పని జరుగుతుంది.

కాగితం మీద బొమ్మ ఇంత సులువే. అక్కడ గీతకు పొడవు లేదు, పొరుగు లేదు. రాగి రేకు దారులుగా బోర్డు మీద పరిచేసరికి కథ మారుతుంది. "రాముడు", "అతడు" విడివిడిగా ఉన్నంతసేపు బాగానే ఉంటాయి; దగ్గరికి చేరిస్తే "రాముడతడు" అయి, మధ్యలో ఒక ఉకారం మాయమవుతుంది. రాగి దారులు కూడా అంతే. పక్కపక్కన పరిస్తే వాటి నడుమ ఎవరూ పెట్టని కండెన్సరు పుడుతుంది. 50 పికోఫారడ్లు పోగయితే, 20 వేల సైకిళ్ళ సన్నని స్వరానికి కొండంత రెసిస్టరు కాస్తా లక్షా అరవై వేల ఓములకు దిగుతుంది. అందుకే ప్లేటుకు పోయే దారి పొట్టిగా, తక్కిన రాగికి ఎడంగా ఉండాలి.

అంతకన్న చెడ్డది గేటు దగ్గరి సంధి. మాస్‌ఫెట్ గేటుకు వెళ్ళే తీగ పొడవైతే, అది చెవికి వినిపించని రేడియో తరంగాలు పుట్టిస్తూ కూర్చుంటుంది. పాట మాత్రం బొంగురుపోతుంది. కారణం వెతికి వెతికి మనిషి సోలిపోతాడు. కొన్ని వందల ఓముల చిన్న రెసిస్టరు గేటు కాలిని ఆనుకునే ఉండాలి. అంగుళం దూరాన పెడితే, పెట్టినా పెట్టనట్టే.

150 వోల్టులు, 9 మిల్లీఆంపియర్లు అంటే ఒకటింబావు వాట్ల పైచిలుకు వేడి. దానికి అల్యూమినియం రేకు తగిలించాలి. మాస్‌ఫెట్ వీపు మీది లోహం లోపల డ్రెయినుతో కలిసి ఉంటుంది; అభ్రకం బిళ్ళ అడ్డం లేకపోతే ఆ రేకు మీద కూడా వందల వోల్టులు నిలుస్తాయి. చూడడానికి మామూలు రేకే! పిల్లలున్న ఇంట్లో మూత బిగించని యాంప్లిఫయరు ఉండరాదు.

స్విచ్చి తీసినా కండెన్సరులో చార్జి మిగిలే ఉంటుంది. 100 మైక్రోఫారడ్ల కండెన్సరుకు అడ్డంగా 2,20,000 ఓముల రెసిస్టరు కలిపి ఉంచితే, నిమిషం దాటాక 400 వోల్టులు 20కి దిగుతాయి. అయినా ముట్టుకునే ముందు మీటరుతో చూడాలి. బోర్డులో కరెంటు పారే దారిలో 10 ఓముల రెసిస్టరు ఒకటి పెట్టుకుంటే కొలత సులువు. స్విచ్చి వేయకముందే మీటరు తీగెలు దానికి తగిలించి, చేతులు వెనక్కి తీసుకోవాలి. తొంభై మిల్లీవోల్టులు చూపిందా, తొమ్మిది మిల్లీఆంపియర్లు పారుతున్నట్టే.