హెడర్ ఫైలు చెప్పునదియు, చెప్పనిదియు

మహారాష్ట్రమందలి నాందేడ్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దునకు చేరువనున్న బిలోలి 1956 వరకును హైదరాబాదు రాష్ట్రములోనిదే. ఆ ప్రాంతపు బజారులలో నేటికిని తెలుగు, మరాఠీ రెండును వినవచ్చుచుండును. అట్టి చోట ‘కాదంబరి’ యన్నచో మరాఠీ పాఠకుడు ఏదో యొక నవల యనుకొనును. తెలుగు పాఠకునకో, బాణభట్టుని సంస్కృత గద్యకావ్యము స్ఫురించును. శబ్దము చెక్కుచెదరక పొలిమేర దాటినను, అర్థము దాటవలెనన్న రెండు భాషలును ఎఱిగిన మనిషి నడుమ నుండవలెను. కంప్యూటరు భాషల పొలిమేరయందును స్థితి యిట్టిదే.

1970ల తొలినాళ్లలో బెల్ ప్రయోగశాలయందు డెనిస్ రిచీ రూపొందించిన సీ భాషలో వ్రాయబడిన లైబ్రరీలు లోకమంతటను వ్యాపించియున్నవి; పైథాన్‌లో పని చేయువాడు వానిని వాడుకొనవలెనన్న, ఇచటి పిలుపును అచటి రూపమునకు మార్చు ‘బైండింగు’ కావలెను. లైబ్రరీలోని ఫంక్షనుల పేర్లను, అవి ఏ తరగతి విలువలను పుచ్చుకొని ఏ తరగతి విలువను తిరిగి యిచ్చునో ఆ వివరమును హెడర్ ఫైలు ప్రకటించును గనుక, దానిని చదివి బైండింగును యంత్రమే అల్లునట్లు చేయవచ్చునను తలంపుతో, 1995లో లాస్ ఆలమోస్ జాతీయ ప్రయోగశాలయందు డేవిడ్ బీజ్లీ స్విగ్ అను పనిముట్టును ఆరంభించెను.

ఆ చదువుట సులభము కాదు. ‘త * ప;’ అను పంక్తి కనబడినప్పుడు, ‘త’ ఒక విలువ పేరైనచో అది గుణకారము; అంతకు ముందెచ్చటనో టైప్‌డెఫ్ చేత తరగతి పేరైనచో, అది ‘ప’ అను పాయింటరు ప్రకటన. కావున వెనుకటి ప్రకటనలన్నియు జ్ఞాపకముంచుకొనక ఆ యొక్క పంక్తికి అర్థము చెప్ప వీలులేదు. ‘లాంగ్’ అను పూర్ణాంకము 64 బిట్ల లినక్సునందు 8 బైట్లు, 64 బిట్ల విండోసునందు 4 బైట్లు. ఇట్టి చిక్కులుండుటచేతనే రస్ట్ భాషకై హెడర్లు చదువు బైండ్‌జెన్, స్వంత పార్సరును కట్టుకొనక, క్లాంగ్ కంపైలరునే ఆశ్రయించినది.

అయినను, ఎంత నిర్దుష్టముగా చదివినను, హెడరులో లేని మాట యంత్రమునకు దొరకదు. ఫైర్‌ఫాక్సు, క్రోము, ఆండ్రాయిడ్‌లలో తెలుగు ఒత్తులను గుణింతములను కూర్చిపెట్టు హార్ఫ్‌బజ్ లైబ్రరీనే చూతము. పాఠమును యూటీఎఫ్-8 రూపమున దానికందించు ఫంక్షను, పాఠముతోపాటు దాని పొడవును అడుగును; ఆ పొడవునుగూర్చి హెడరు చెప్పునది ‘పూర్ణాంకము’ అని మాత్రమే. ‘స్త్రీ’ అను పదమును తీసికొనుడు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము. పైథాన్ దీని పొడవు 6 అనును. ఒక్కొక్కటి 3 బైట్లు గనుక హార్ఫ్‌బజ్ లెక్కలో అది 18. యంత్రమల్లిన బైండింగు ఆ 6ను అటులే అందించినచో, తొలి 6 బైట్లు, అనగా సకారమును పొల్లును మాత్రమే పొలిమేర దాటి, తెరపై ‘స్’ అని నిలుచును. కంపైలరు అభ్యంతరము చెప్పదు. పూర్ణాంకమును కోరగా పూర్ణాంకమే అందినది గదా!

హార్ఫ్‌బజ్ కర్తలు ఆ ఫంక్షనుకు పైనున్న వ్యాఖ్యలో, ఈ పాఠము బైట్ల వరుస యనియు, దాని నిడివి ఫలానా పరామితిలో నున్నదనియు, యంత్రము చదువదగిన గుర్తులతో వ్రాసిపెట్టిరి. జీఆబ్జెక్ట్ ఇంట్రాస్పెక్షన్ అను పనిముట్టు ఆ గుర్తులనుగూడ చదువును. సీ భాషలో లైబ్రరీ వ్రాయు ప్రతివారిని నేను వేడుకొనునది యింతే: పొడవు దేని పొడవో, పుచ్చుకొన్న జ్ఞాపకస్థలమును విడిచిపెట్టు భారమెవరిదో, ఆ చోటనే ఒక్క పంక్తి వ్రాయుడు. మీరెన్నడును చదువని లిపిలో ఎవరో వ్రాసిన ‘స్త్రీ’, ఆ యొక్క పంక్తివలననే 18 బైట్లతో నిండుగా తెరకు చేరును.