మే నెలాఖరున తెగిపోయే ధీమా

కులం గురించి చర్చించేటప్పుడు భూమి, చదువు, కొలువు గుర్తొచ్చినట్టు బీమా గుర్తుకు రాదు. అది బ్యాంకులకు, ఏజెంట్లకు సంబంధించిన వ్యవహారమని వదిలేస్తాం. కానీ సంపాదించే మనిషి పోయినా, పెంచుకున్న మంద చచ్చినా ఒక పేద కుటుంబం నిలదొక్కుకుంటుందా, వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కుతుందా అన్నది చాలావరకు దానిమీదే ఆధారపడుతుంది. అందుకే దీన్ని నేను సామాజిక న్యాయ ప్రశ్నగా చూస్తాను.

పరిగి, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో సుగాలీలు, ఎరుకలు ఉన్నారు. వీరు మైదాన ప్రాంత గిరిజనులు. ఈ ప్రాంతం ఐదో షెడ్యూలు పరిధిలోకి రాదు. పాడేరు, రంపచోడవరంలో ఉన్నట్టు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ వీరికి దగ్గరలో లేదు. పైగా నేరస్థ జాతుల చట్టం ఎరుకలపై వేసిన ముద్ర కాగితం మీద 1952లోనే రద్దయినా, ఆ ముద్ర నేర్పిన భయం ప్రభుత్వ కార్యాలయాల గడప దగ్గర ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

పథకాలు లేవా అంటే ఉన్నాయి. 2015లో మొదలైన ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమాలో 18 నుంచి 50 ఏళ్లలోపు వారు ఏడాదికి 436 రూపాయలు కడితే, ఏ కారణంతో మరణించినా కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. సురక్షా బీమాకు 20 రూపాయలే. ప్రమాద మరణానికి 2 లక్షలు. చిక్కంతా వీటి క్యాలెండర్‌లో ఉంది. బీమా సంవత్సరం జూన్ 1న మొదలై మే 31న ముగుస్తుంది. మే నెలాఖరులో ఖాతా నుంచి ప్రీమియం దానంతటదే కోసుకోవాలి. వేరుశనగ విత్తనాలకు అప్పు వెతుక్కునే రోజులవి. ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది. జీవన బీమాలో తిరిగి చేరినా, మొదటి 30 రోజుల్లో ప్రమాదం వల్ల కాక మరో కారణంతో మరణిస్తే పరిహారం రాదు.

క్లెయిము దశలో మరో గండం. బెంగళూరుకు కూలికెళ్లిన మనిషి అక్కడే మరణిస్తే మరణ నమోదు కూడా అక్కడే. ఆ పత్రంలో పేరు ఒక తీరుగా, ఆధార్‌లో మరో తీరుగా, బ్యాంకు పుస్తకంలో ఇంకో తీరుగా ఉంటే భార్య ఏ కార్యాలయం చుట్టూ తిరగాలి? అసలు భర్త పేరిట బీమా ఉన్న సంగతైనా ఆమెకు తెలుసా?

ఇక ఆస్తి మాట. పందుల పెంపకం ఎన్నో ఎరుకల కుటుంబాలకు జీవనాధారం. జాతీయ పశుసంపద మిషన్ బీమా పందులకూ వర్తిస్తుంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన మార్పుతో పెంపకందారు ప్రీమియంలో 15 శాతం కడితే చాలు. అయినా పాడిగేదెకు చెవిపోగు వేయించుకోవడం వేరు, పందికి వేయించుకోవడం వేరు. ఆ జంతువును ఊరు అసహ్యంగా చూస్తుంది; పెంచే మనిషినీ అలాగే చూస్తుంది. స్వైన్ ఫీవర్‌తో దొడ్డి ఖాళీ అయినప్పుడు దాన్ని ఆస్తి నష్టంగా గుర్తించేవారే అరుదు. బీమాలో కులం కనిపించేది సరిగ్గా ఇక్కడే.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలపై జీఎస్టీ ఎత్తేశారు. పాలసీ కొనగలిగిన వారికి అది మేలే. తండాకు అడ్డుగా నిలిచింది పన్ను కాదు. 2047 నాటికి అందరికీ బీమా అన్నది నియంత్రణ సంస్థ లక్ష్యం. గ్రామీణ బీమా బాధ్యతను కొలవడానికి 2024 నిబంధనలు గ్రామ పంచాయతీని ప్రమాణంగా తీసుకున్నాయి. పంచాయతీ లెక్క పూర్తయినా దాని శివారు తండా, ఎరుకల కాలనీ మిగిలిపోవచ్చు.

కాబట్టి కోరవలసినవి స్పష్టం. షెడ్యూల్డు తెగల కుటుంబాల ప్రీమియాన్ని గిరిజన ఉపప్రణాళిక నిధుల నుంచి ప్రభుత్వమే కట్టాలి. అప్పుడు మే నెల గండం తప్పుతుంది. నమోదును ఆవాసాల వారీగా లెక్కించి గ్రామసభలో చదవాలి. మరణం తెలిసిన వెంటనే క్లెయిము పత్రాలు సిద్ధం చేసే బాధ్యత గ్రామ సచివాలయానిది కావాలి. పశువైద్యులు ఎరుకల దొడ్ల దగ్గరికే వెళ్లి పందులకు చెవిపోగులు వేయాలి.

కష్టం వచ్చిన ఇంటికి తలా కొంత వేసుకోవడం తండాకు కొత్త కాదు; బీమా మూలసూత్రమూ అదే. చదువుకున్న తండా పిల్లలు ఈ వేసవిలో తమ ఆవాసంలో ఎన్ని ఇళ్లకు బీమా ఉందో, ఎన్నింటికి ఆగిపోయిందో రాసి గ్రామసభ ముందు పెడితే, అధికారులు సమాధానం చెప్పక తప్పదు.