పూటకూళ్ల ఇంట సముద్రపు నీళ్లు

పేదరాసి పెద్దమ్మ కథలు వినని పిల్లలుండరు. రాజకుమారుడు దేశాలు తిరిగి తిరిగి, పొద్దుగూకే వేళకు ఒక కొత్త పట్నం చేరతాడు. ఎవరింటికి వెళ్లాలో తెలియదు. ఊరి చివర ఒక అవ్వ పూటకూళ్ల ఇల్లు నడుపుతూ వుంటుంది. "రా, నాయనా! కాళ్లు కడుక్కో," అని ఆదరించి అన్నం పెడుతుంది. అన్నం తినేసరికి ఆమె వాడికి పెద్దమ్మ అయిపోతుంది.

అటువంటి పూటకూళ్ల ఇళ్లు మనకు కథలలో తప్ప ఎక్కువగా కనిపించవు. కాని కొరియా దేశంలో ఈనాటికీ వున్నాయి. హోటలు నడిపేది ఒకే కుటుంబం. వండేది అవ్వ, వడ్డించేది కోడలు, డబ్బు పుచ్చుకునేది కొడుకు. సెలవు రోజులలో బల్లలు తుడిచేది మనవడు. ఇంకో వింత ఏమిటంటే, తినవచ్చినవాళ్లు చాలామంది వడ్డించే ఆమెను "ఇమొ!" అని పిలుస్తారు. కొరియా భాషలో ఇమొ అంటే అమ్మకు తోబుట్టువు. అంటే మన పెద్దమ్మో, పిన్నో అన్నమాట! మన రాజకుమారుడూ, కొరియా బాటసారీ అన్నం పెట్టిన తల్లితో ఒకే వరస కలుపుకున్నారు.

రండి, అటువంటి ఇంట ఒక పూట భోజనం చేసివద్దాం.

పైన్ చెట్ల నీడన

దక్షిణ కొరియా రాజధాని సియోల్ నుంచి వేగంగా పోయే రైలులో తూర్పుగా రెండు గంటలు ప్రయాణిస్తే, సముద్రపు ఒడ్డున గాంగ్నుంగ్ అనే పట్నం వస్తుంది. 2018లో శీతకాలపు ఒలింపిక్ పోటీలు జరిగినప్పుడు మంచుగడ్డ మీద ఆడే ఆటలు ఇక్కడే జరిగాయి. ఈ పట్నంలో, సముద్రానికి దగ్గరగా, పైన్ చెట్ల మధ్య చొదాంగ్ అనే పేట వున్నది. అక్కడ ఎటు చూసినా దుబు హోటళ్లే.

దుబు అంటే మన బజార్లలో టోఫు పేరుతో అమ్మేదే. ఆవుపాలు విరగగొట్టి పనీరు చేసినట్టు, సోయా చిక్కుడు గింజల పాలు విరగగొట్టి దుబు చేస్తారు.

చొదాంగ్ అనేది అసలు ఒక మనిషి పేరు. 1517లో పుట్టి 1580లో చనిపోయిన హొ యొప్ అనే పండితుడు ఆ పేరు పెట్టుకున్నాడు. ఆయనే సముద్రపు నీటితో దుబు చేయించాడని ఒక కథ చెబుతారు. ఆయన కుమార్తె హొ నన్‌సొల్‌హొన్ గొప్ప కవయిత్రి. కుమారుడు హొ గ్యున్. అన్యాయంగా ధనం కూడబెట్టిన వాళ్లను దోచి బీదలకు పంచిపెట్టే హోంగ్ గిల్‌దోంగ్ అనే వీరుడి కథను రాసింది ఈయనేనంటారు.

భోజనానికి కూచుందాం

హోటలు గుమ్మం దగ్గరే చెప్పులు విడవాలి. లోపల అడుగుపెట్టగానే అరికాళ్లకు వెచ్చగా తగులుతుంది. పూర్వం కొరియావాళ్లు వంటయింటి పొయ్యి సెగనూ, పొగనూ గదుల నేలకింద కట్టిన దారులగుండా పోనిచ్చేవాళ్లు. దానితో రాతి నేల వేడెక్కి, ఇల్లంతా వెచ్చగా వుండేది. దీన్ని ఒన్‌దొల్ అంటారు. ఈ రోజులలో పొగకు బదులు నేలకింద గొట్టాలలో వేడినీరు పారుతుంది. వీపు గడ్డకట్టే చలిలో ఆ నేలమీద మఠం వేసుకుని కూచుంటే కలిగే హాయి చెప్పటానికి వీలు లేదు. ఇప్పుడు కుర్చీలు, బల్లలు వేసిన హోటళ్లు కూడా చాలా వున్నాయి.

"ఇమొ" పళ్లెం తెస్తుంది. నడుమ గిన్నెలో తెల్లగా, పొగలు కక్కుతూ వున్నది సున్‌దుబు. అంటే ఇంకా అచ్చులో వేసి నొక్కని మెత్తని దుబు. చూడటానికి అచ్చంగా మన జున్నులాగా వుంటుంది గాని తియ్యగా వుండదు. పక్కన అన్నం గిన్నె, సోయా చిక్కుళ్లను పులియబెట్టిన ముద్దతో కాచిన పులుసు, చుట్టూ చిన్న చిన్న గిన్నెలలో కూరలు, పచ్చళ్లు. ఈ చిన్న గిన్నెలను బన్‌చన్ అంటారు. వీటికి వేరే డబ్బు పుచ్చుకోరు. ఖాళీ అయితే మళ్లీ తెచ్చి పెడతారు. మన ఇళ్లలో మారు వడ్డించినట్టే!

అన్నిటిలోకి ముఖ్యమైన బన్‌చన్ కిమ్చీ. క్యాబేజీ వంటి ఆకుకూరను ఉప్పులో ఊరవేసి, కారం, వెల్లుల్లి, అల్లం, ఊరవేసిన చిన్న రొయ్యలు పట్టించి పులియబెడతారు. పులియబెట్టే వాటిలో ల్యూకోనాస్టాక్ అనే సూక్ష్మజీవి ముఖ్యమైనది. మన ఇడ్లీ పిండిని రాత్రికి రాత్రి పొంగించే జీవులలో కూడా ఇది వున్నది! మిరపకాయ సంగతీ అంతే. మనకూ, కొరియాకూ అది సొంతం కాదు. అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చి ఇద్దరి వంటయిళ్లలోనూ పెత్తనం సంపాదించింది.

తినేముందు కొన్ని మర్యాదలు తెలుసుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లు చెంచా ఎత్తినదాకా పిన్నవాళ్లు ఎత్తరాదు. పెద్దవాళ్లు ఇచ్చేది రెండు చేతులతో అందుకోవాలి. అన్నమూ, పులుసూ చెంచాతోనూ, కూరలు లోహపు పుల్లలతోనూ తినాలి. చెంచాను గాని పుల్లలను గాని అన్నంలో నిలువుగా గుచ్చి వుంచకూడదు. చనిపోయినవాళ్లకు అన్నం పెట్టేటప్పుడు మాత్రమే అట్లా గుచ్చుతారు. తినబోయేముందు, "చల్ మొక్కెస్సుమ్నిదా!" అనాలి. "బాగా తింటాను" అని దాని అర్థం. వండిన అవ్వ ఆ మాట విని వంటయింటి లోపలినుంచే తల ఊపుతుంది.

కొరియావాళ్లు సొన్‌మత్ అనే మాట వాడతారు. సొన్ అంటే చెయ్యి, మత్ అంటే రుచి. "అమ్మ చేతి వంట" అని మనం అనటం లేదూ? అదే ఇది.

పాలు విరిగే రహస్యం

అవ్వ దుబు చేసే పని తెల్లవారకముందే మొదలవుతుంది. రాత్రి నానవేసిన గింజలను నీళ్లు పోస్తూ రుబ్బుతారు. పూర్వం తిరగలితో చేసేవాళ్లు, ఇప్పుడు యంత్రం వచ్చింది. ఆ రుబ్బును పెద్ద కాగులో కాచి, గుడ్డలో వడగడితే పాలు దిగుతాయి. గుడ్డలో మిగిలిన పిప్పిని కూడా పారవేయరు. బిజి అని పేరుపెట్టి పులుసు చేస్తారు. ఇప్పుడు వేడిపాలలో, శుభ్రపరచిన సముద్రపు నీటిని గరిటెతో కొంచెం కొంచెంగా పోస్తూ మెల్లగా కలుపుతారు. చూస్తూ వుండగానే పాలు తెల్లని మబ్బులలాగా విడిపోతాయి. అదే సున్‌దుబు. దీన్ని గుడ్డ పరచిన పెట్టెలో పోసి బరువు పెడితే గట్టి దుబు అవుతుంది.

పాలు ఎందుకు విరిగాయి? సోయా పాలలో మాంసకృత్తులు అతి సన్నని రేణువులుగా తేలుతూ వుంటాయి. వీటన్నిటికీ ఒకే రకం విద్యుత్తు, అంటే రుణ విద్యుత్తు వుంటుంది. ఒకే రకం విద్యుత్తు కలవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అందుచేత రేణువులు దగ్గరికి చేరలేవు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు వుంటాయి. వాటిలో ఎక్కువ భాగం మనం తినే ఉప్పే. కాని మెగ్నీషియం, కాల్షియం కూడా కొంత వుంటాయి. ఈ రెండింటికీ ధన విద్యుత్తు, అదీ రెండు పాళ్లు వుంటుంది. రెండు చేతులున్న మనిషి చెరొకవైపూ ఒకరిని పట్టుకున్నట్టు, అవి మాంసకృత్తులను పట్టి కలుపుతాయి. రేణువులు గుంపులు కడతాయి, పాలు విరుగుతాయి.

తక్కినచోట్ల ఉప్పు తీయగా మిగిలిన చేదునీటితో దుబు చేసేవాళ్లు. కొరియాలో ఎండకు ఆరబెట్టే ఉప్పు మళ్లు వున్నది పడమటి తీరంలో. అక్కడ ఆటుపోట్లు ఎక్కువ, బురద మైదానాలు విశాలం. తూర్పు తీరంలో ఆటుపోట్లు బహు స్వల్పం. ఉప్పు మళ్లు లేవు గనక చేదునీరూ లేదు. అందుకని చొదాంగ్ వాళ్లు తిన్నగా సముద్రాన్నే వంటయింటికి తెచ్చుకున్నారు.

కాగు కింద ఆరని మంట

1950లో కొరియాలో ఘోరమైన యుద్ధం మొదలై 1953 దాకా సాగింది. చొదాంగ్‌లో చాలా ఇళ్లు మగదిక్కును కోల్పోయాయి. ఇంటినిండా పిల్లలు, తినటానికి గింజ లేదు. అప్పుడు ఆ ఇళ్ల ఆడవాళ్లు తమకు తెలిసిన పనినే పట్టుకున్నారని ఊరివాళ్లు చెబుతారు. అర్ధరాత్రి లేచి గింజలు విసిరి, సముద్రపు నీరు మోసుకువచ్చి, దుబు చేసి, తెల్లవారేసరికి పట్నం బజారులో అమ్మేవాళ్లు. ఆ డబ్బుతోనే పిల్లలను పెంచారు, చదివించారు. తరువాత కాలంలో కొందరు తమ ఇళ్లలోనే భోజనం పెట్టసాగారు. ఈనాటి దుబు వీధి అట్లా తయారయింది. తల్లి చేతినుంచి కోడలికి, కోడలి చేతినుంచి మనవడికి గరిటె మారుతూ వస్తున్నది.

2025 వేసవిలో ఆ వీధికి మరో కష్టం వచ్చింది. గాంగ్నుంగ్‌లో వానలు కురవలేదు. పట్నానికి నీరిచ్చే ఓబోంగ్ జలాశయంలో నీరు 15 శాతం కంటే తగ్గిపోయింది. ఆగస్టు 30న ప్రభుత్వం దీన్ని విపత్తుగా ప్రకటించింది. ఇళ్లకు వచ్చే నీటిని చాలావరకు కట్టివేశారు. మంటలార్పే బండ్లు ఎక్కడెక్కడినుంచో నీళ్లు మోసుకువచ్చాయి.

"ఎదురుగా సముద్రం వుండగా దుబు చేసేవాళ్లకు కరువేమిటి?" అని మీరు అడగవచ్చు. ఆలోచించి చూడండి. గింజలు కడగాలి, నానవేయాలి, రుబ్బాలి, కాచాలి, గిన్నెలు తోమాలి. వీటన్నిటికీ మంచినీరే కావాలి. సముద్రపు నీరు కావలసింది చివర కొద్దిగా మాత్రమే. మంచినీరు లేనిదే సముద్రం అంతా వున్నా ఒక్క గిన్నె సున్‌దుబు కాదు. సెప్టెంబరు నడుమ వానలు పడి జలాశయం మళ్లీ నిండసాగేదాకా ఆ పట్నంలో హోటళ్లవాళ్లు ప్రతి చెంబుడూ లెక్కపెట్టుకున్నారు.

మన ఊళ్లో

కొరియా భోజనానికి అంత దూరం పోనక్కరలేదు కూడాను. పెనుకొండ దగ్గర కొరియావారి కార్ల కర్మాగారంలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. అక్కడ పనిచేసే కొరియావాళ్ల కోసం ఆ ప్రాంతంలో వాళ్ల వంటలు దొరికే హోటళ్లు కూడా వెలిశాయి. రాయలసీమ మిరపకాయ తిన్నవాళ్లకు కిమ్చీ కారం ఒక లెక్కా!

దుబు రహస్యం మీరు ఇంట్లోనే చూడవచ్చు. అమ్మను దగ్గర వుంచుకుని, ఒక గిన్నెడు వేడి పాలలో నిమ్మరసం చుక్కచుక్కగా వేసి కలపండి. నిమ్మపులుపు కూడా రేణువుల మధ్య ఎడం పోగొట్టి వాటిని కలుపుతుంది. మబ్బులు విడివడటం మీ కళ్లతో మీరే చూస్తారు. మన తీరాన సముద్రపు నీరు తెచ్చి మాత్రం ప్రయత్నించకండి. శుభ్రపరచని నీరు తినే వస్తువులో కలపరాదు.

విరిగిన పాలను గుడ్డలో కట్టి నీరు ఓడ్చి, కొంచెం ఉప్పు చల్లి తలా ఒక ముక్క తినండి. తినేముందు, చేసిపెట్టిన అమ్మతో "బాగా తింటాను" అని చెప్పటం మరిచిపోకండి!