చీనాంశుకమునకు సీమ కత్తిరింపు

జాకెట్టనగానే మన యాడువారికి రవికయే స్ఫురించును. ఆ పేరు ఇంగ్లీషువారిది. తొడుగు మాత్రము మనది. వాడగా వాడగా అది పరభాషాపదమను సంగతినే మరచితిమి. ఇట్లు తూర్పు పడమరలు ఒక్క వస్త్రమున గలిసి కాపురము చేయుట చీనాదేశపు శాటిను కోటునందు మిక్కిలి స్పష్టముగా గానవచ్చును. కుట్టుపని తెలిసిన సోదరీమణులు దానిని గ్రంథమువలె జదువవచ్చును గావున, ఈ మాసమున దానిని గూర్చి ముచ్చటింప దలచితిమి.

చీనాపట్టు మన పూర్వులకు గ్రొత్తది గాదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున చీనభూమినుండి వచ్చు పట్టువస్త్రముల ప్రసక్తి యున్నది. శాకుంతలము ప్రథమాంకాంతమున కాళిదాసు దుష్యంతుని మనస్సునకు చీనాంశుకపు పతాకనే యుపమానముగా దెచ్చెను. శాటినను పేరు చీనాలోని ఛ్వాన్‌జో రేవునకు అరబ్బులు పెట్టిన జైతూను అను పేరునుండి పుట్టినదని పలువురి యభిప్రాయము. అది నూలు పేరు గాదు, నేత పేరు. సాదా నేతలో పడుగుపోగు ఒక పేకమీదుగాను ఒక పేక క్రిందుగాను పోవును. శాటినులో అది కనీసము నాలుగు పేకలమీదుగా తేలి, ఒక్కదాని క్రింద దూరును. పోగులు పైకి బారుగా పరచుకొని యుండుటచే వెలుతురు పడి గుడ్డ తళతళలాడును. ఆ కారణముననే గాజుల యంచు తగిలినను పోగు లేచును.

పూర్వపు చీనా కోటునకు భుజముమీద కుట్టు లేదు. గుడ్డను భుజములమీదుగా మడచి, ముందు వెనుకలును చేతుల పైభాగమును ఒక్క తునుకగా గత్తిరించెడివారు. మగ్గము వెడల్పు తక్కువ యగుటచే వీపు నడుమ నొక కుట్టును, చేతులకు అతుకును వచ్చెడివి. నేలపై బరచిన నది చదునుగా నుండును. వెలగల పట్టు వ్యర్థము గాకుండుటయే దర్జీకి ముఖ్యము. తొడుగుకొనువారి నడుమును భుజమును అతడు లెక్కింపడు. ఐరోపా దర్జీ పద్ధతి దీనికి విరుద్ధము. గుడ్డ కొంత పోయినను సరే, భుజమునకు వాలుకుట్టు వేసి, చంక గుండ్రముగా గత్తిరించి, చేతిని వేరుగా నతికి, టక్కులతో మేని వంపునకు సరిపుచ్చును.

1842 నాటి నాన్‌కింగు సంధిచే షాంఘై మొదలగు రేవులు పరదేశీయులకు దెరువబడెను. నింగ్బో ప్రాంతపు దర్జీలు అచ్చట దొరలకు కోటులు కుట్టుచు ఆ విద్య నేర్చిరి. 1912లో చక్రవర్తుల పాలన ముగిసి ప్రజాప్రభుత్వ మేర్పడెను. పాఠశాలలకు బోవు బాలికలు హెచ్చిరి. 1929లో ఆ ప్రభుత్వము స్త్రీలకు నిర్ణయించిన వేషములలో ఛిపావో యను నిలువుటంగీ యొకటి, పైకోటును పావడయు మరియొకటి. 1949 ప్రాంతమున షాంఘై దర్జీలు పెక్కుమంది హాంకాంగు చేరిరి. టక్కులును, అతుకు చేతులును, జిప్పులును అచ్చట సామాన్యములయ్యెను. విదేశ యాత్రికులకై పూలు కుట్టిన శాటిను కోటులును విశేషముగా తయారయ్యెను.

అట్టి కోటొకటి విశాఖపట్నమున మాకు వరుసకు అత్తగారగు నొక పెద్దామె పెట్టెలో నున్నది. ఆమె మామగారు ఓడలో పనిచేసిన దినములలో దానిని హాంకాంగునుండి తెచ్చెనట. పైన నల్లశాటిను, లోన దానిమ్మపూ వన్నె అస్తరు, నడుమ పలుచని దూది; మూడును గలిపి గళ్లుగా కుట్టబడినవి. నిలుచు కాలరు, గుడ్డపట్టీని పేని ముడివేసిన గుండీలు చీనావి. భుజపు కుట్టు, చంక, లోజేబు పడమటివి. రొమ్ముపై పియోనీ పూలు. అవి చీనావారికి సంపదకు గురుతు. అంచున గబ్బిలములు! మన యిండ్లలో గబ్బిలము దూరిన నశుభమందురు. చీనాభాషలో గబ్బిలమునకును భాగ్యమునకును ఫు యను నొక్కటే యుచ్చారణ యగుటచే వారికది మంగళకరము.

ఆమె మనుమరాలు ఆ కోటును విప్పించి, తన పెండ్లికి జాకెట్టు కుట్టించుకొన గోరెను. “ఏమమ్మా, చదువుకొన్నదానవు, విప్పింపుమందువా, వలదందువా?” అని అత్తగారు మమ్మడిగిరి. మేము దానిని వెలుతురులో ద్రిప్పి చూచితిమి. గళ్లుగా కుట్టిన శాటినును విప్పినచో సూదిరంధ్రములు పూడవు. పూలు కోటు తునుకల కొలతకే కుట్టబడినవి. జాకెట్టుకు గత్తిరించిన సగము పువ్వు చంకలోనికి బోవును. మరియు విప్పిన వెంటనే రెండు దేశముల దర్జీతనము ఎచ్చట గలిసెనో తెలుపు కుట్లే పోవును. ఈ సంగతు లా పిల్లకు జూపితిమి. ఆమె తెలివిగలది. కోటును ముట్టక, దాని కాలరును ముడిగుండీలను చూచి తన ధర్మవరపు పట్టు జాకెట్టునకు అట్టివే కుట్టించుకొనెను. అచ్చటి దర్జీకి గుండీముడి మూడవ పర్యాయమునకు గాని కుదరలేదు!

చీనా స్త్రీ యిందు గుడ్డను, కాలరును, గుండీని, శుభచిహ్నములను నిలుపుకొనెను. తన మేనికి సుఖమిచ్చు కత్తిరింపును పరులనుండి గైకొనెను. ఏది నిలుపుకొనవలెనో యెరిగి గైకొనుట యనుకరణము గాదు. హాంకాంగు ఛిపావో కుట్టుపని 2021లో చీనాదేశపు జాతీయ వారసత్వ విద్యల పట్టికలో జేర్పబడినది.

ఇట్టి పాతపట్టు మీ యిండ్లలోనున్న నీటిలో దడుపవలదు. ఎఱుపు రంగు దిగి పూలకంటును. కొక్కెమునకు వ్రేలాడదీసిన భుజములు సాగును గావున, ఉతికిన తెల్లని నూలుగుడ్డలో చుట్టి చదునుగా బరుండబెట్టుడు. కలరాయుండలు పట్టునకు దగులనీయవలదు. ఏడాదికొక పర్యాయము నీడపట్టున గాలికి ఆరవేసి, మడతలు మార్చుడు. ఎవరైన విప్పింతమన్నచో, ముందు దాని కుట్లు వారికి జదివి వినిపింపుడు; కత్తెర మాట పిమ్మట.