వేగానికి పాయింట్ల పగ్గం

ప్రమాదంలో గాయపడినవారిని మా ఆసుపత్రికి తెచ్చే బంధువులు “కొంచెం స్పీడుగా వెళ్లాడండీ” అంటుంటారు. కానీ వేగం రెట్టింపైతే ఢీకొన్నప్పుడు దెబ్బ శక్తి నాలుగు రెట్లవుతుంది!

జరిమానా కట్టేసి, మళ్లీ అదే వేగంతో వెళ్లేవారు ఎందరో. అందుకే 2017 ఆగస్టు 1న హైదరాబాద్‌లో పెనాల్టీ పాయింట్ల పద్ధతి మొదలుపెట్టారు. 24 నెలల్లో 12 పాయింట్లు చేరితే లైసెన్సు ఏడాదిపాటు సస్పెండు చేయాలన్నది అప్పటి నియమం. బ్రిటన్‌లోనైతే వేగపరిమితి దాటినందుకు కనీసం 3 పాయింట్లు పడతాయి. మూడేళ్లలో 12 చేరితే సాధారణంగా ఆరు నెలలకు తగ్గకుండా బండి నడపనివ్వరు. జరిమానా డబ్బున్నవారికి భారం కాదు, లైసెన్సు పోవడం మాత్రం అందరికీ భారమే.

సస్పెండైన లైసెన్సు గడువు తీరాక తిరిగి వస్తుంది. పోయిన కాలు రాదు. మీ ఇంట్లో బండి తీసేవారిని పది నిమిషాలు ముందే బయలుదేరమనండి.